వంతు మంచం

మా మనవడికి కాలేజీలో ఒక పని అప్పజెప్పారు. ‘మహమ్మారి తర్వాత నగరం’ అని బొమ్మలు గీసి, పక్కన పది పేజీల రాత రాసి పట్టుకెళ్లాలట. వాడు రాయ్‌పూర్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. నానమ్మ చేతి పప్పుచారు వదల్లేక బీర్‌గావ్‌లో మా దగ్గరే ఉంటున్నాడు. మొన్న ఆదివారం నోట్సు పుస్తకం పట్టుకుని నా మడతకుర్చీ పక్కన చేరాడు. “తాతా, మీ రోజుల్లో ఊళ్లకి జబ్బులొస్తే ఏం చేసేవారు?” అన్నాడు. నా వయసువాణ్ణి ‘మీ రోజుల్లో’ అని కదిపితే ఆ పూట భోజనం చల్లారిపోతుందని వాడికి ఇంకా తెలీదు పాపం.

సరిగ్గా అప్పుడే మేడమీద నుంచి మేస్త్రీ కేకేశాడు. వెనక గదుల మీద మరో వరస గదులు లేపిస్తున్నాను. గోడ నడుం ఎత్తుకి వచ్చింది. కిటికీ వదలాలా, మూసేయాలా అని అతని ప్రశ్న. కిటికీ వదిలితే ఆ గోడవార మంచం పట్టదట. ఆలోచించి చెబుతానన్నాను. ఆ ఆలోచనే ఇదంతా.

మా ఊరు బొబ్బిలి దగ్గర పల్లె. నా చిన్నప్పుడు ఎవరింట్లోనైనా అమ్మవారు పోస్తే గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంటికి పైవాళ్లు రారు, ఆ ఇంటివాళ్లు గడప దాటరు. మంచం వేరు, కంచం వేరు. వీధి చివర కుండలో గంజి పెట్టి వెళ్తే ఇంటామె వచ్చి తీసుకునేది. ఇది ఎవరూ పుస్తకంలో చదివి చేసింది కాదు. 2020లో మా అబ్బాయి హైదరాబాద్ నుంచి పాస్ తీసుకుని కారులో సంసారంతో వచ్చినప్పుడు, నగర నిగమ్ (కార్పొరేషన్) వాళ్లు మా తలుపుకి పద్నాలుగు రోజుల క్వారంటైన్ అని కాగితం అంటించి వెళ్లారు. మా ఆవిడ దాన్ని చదివి, “వేపమండలకి బదులు కాగితమేటండీ, దోమలు కూడా పోవు” అంది.

నేను 1976లో ఈ గడ్డ మీద దిగాను. వాల్తేరు–రాయ్‌పూర్ పాసింజరు బొబ్బిలిలో ఎక్కితే పార్వతీపురం, రాయగడ, కేసింగా, టిట్లాగఢ్, మహాసముంద్... కొండలు, సొరంగాలు, ప్రతి స్టేషన్లో ఒక నిట్టూర్పు. ఆ లైను 1931లో పూర్తయింది. మధ్యపరగణాల సరుకు విశాఖ రేవుకి దింపడానికని వేశారు. సరుకు అటు దిగింది, మనుషులం ఇటు ఎక్కాం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి ఎందరు భిలాయికీ రాయ్‌పూర్‌కీ ఎక్కారో ఆ పాసింజరుకే తెలియాలి. నాకు రైల్వే వ్యాగన్ రిపేర్ షాపులో ఖలాసీ ఉద్యోగం. అందరూ డబ్ల్యూఆర్ఎస్ అంటారు. మొదట్లో కాలనీలో ఒక స్నేహితుడి క్వార్టర్లో సర్దుకున్నాను. సాయంత్రం డ్యూటీ దిగి, మట్టిదారి పట్టుకుని నడిస్తే బీర్‌గావ్.

అప్పటికది ఊరే, నగరం ఊసు లేదు. చెరువు, గట్టు మీద రావిచెట్టు, మట్టిగోడల పెంకుటిళ్లు, చుట్టూ వరిమడి. ప్రతి ఇంటి వెనకా బాడీ. ఛత్తీస్‌గఢీలో బాడీ అంటే మన పెరడే. తెల్లారి వాళ్లు బోరే బాసీ తినేవాళ్లు, అంటే రాత్రి అన్నంలో నీళ్లు పోసి ఉదయం ఉల్లిపాయ నంచుకోవడం. మా అమ్మ పెట్టిన చద్దన్నం నాలుగువందల కిలోమీటర్లు నడిచి నాకంటే ముందే ఇక్కడికొచ్చి కూర్చున్నట్టు అనిపించింది. ఆ బాసీకి 2022లో అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పండగ హోదా ఇచ్చారు. మే 1న అందరూ తినండని పిలుపు. మా రోజుల్లో దాన్ని ఆకలి హోదాలోనే తిన్నాం.

ఇక్కడిదాకా చెప్పేసరికి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. “మన పెరటి బావిలో నీళ్లు తోడింది ఎవరో కూడా చెప్పండి వాడికి. వానాకాలం మోకాలిదాకా బురద, కందిరీగల్లా దోమలు. మీ అబ్బాయికి జ్వరమొచ్చిన రాత్రి సైకిలు మీద రాయ్‌పూర్ తీసుకెళ్లారు. ఆ సైకిలు చైను ఎక్కడ తెగిందో గుర్తుందా?” గుర్తుంది. భన్‌పురీ దగ్గర. అందుకే ఆ భాగం నేను చెప్పను.

1986లో బీర్‌గావ్‌లో చిన్న స్థలం కొన్నాను. ముందు రెండు గదులు, వెనక పెరడు, పెరట్లో బావి. ములగచెట్టు, కరివేపాకు, బూడిదగుమ్మడి తీగ. మా ఆవిడ గుమ్మడి వడియాలు పెడుతుంటే పక్కింటి ఛత్తీస్‌గఢీ అమ్మ వచ్చి చూసి తెగ నవ్వింది. వాళ్లూ పెడతారట, రఖియా బడీ అంటారట. రెండు భాషలు, ఒకటే వడియం. ఆ రోజు నుంచి ఇద్దరి వడియాలూ ఒకే చాప మీద ఎండేవి.

అప్పుడు ఉర్లా లేచింది. పారిశ్రామికవాడ అన్నారు. ఒక్కొక్క షెడ్డూ, ఒక్కొక్క గొట్టమూ. 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రం వచ్చాక స్పాంజ్ ఐరన్ బట్టీలు, రోలింగ్ మిల్లులు ఉర్లా నుంచి సిల్తరా దాకా వరస కట్టాయి. మా పంచాయతీ నగర పాలిక అయింది, ఆ తర్వాత నగర నిగమ్ అయింది. ఇప్పుడు 40 వార్డులు, ఒక మేయరు. రాయ్‌పూర్ పక్కనే ఉన్నా రాయ్‌పూర్ కాదు, మేం వేరే నగరం. పేరులో ఇంకా గావ్ ఉంది, అదొక్కటే మిగిలిన పల్లె. మీ హైదరాబాద్‌లో నలభై అంతస్తులు లేపుతున్నారు కదా, వాటి స్తంభాల లోపల ఎక్కడో మా ఉర్లా కడ్డీ కూడా ఉండే ఉంటుంది. దాని పొగ మాత్రం పూర్తిగా మా దగ్గరే ఉంది. పొద్దున డాబా ఊడిస్తే చేటలో నల్లటి పొడి. పాదాలు కడుక్కుని పక్క ఎక్కినా దుప్పటి మీద అడుగుల ముద్ర పడుతుంది. వడియాలు డాబా మీద పెట్టడం మా ఆవిడ ఏనాడో మానేసింది.

మిల్లులకి మనుషులు కావాలి. కలహండి నుంచి, బలాంగీర్ నుంచి, బీహారు నుంచి, బలోదా బజార్ పల్లెల నుంచి కుర్రాళ్లు దిగారు. గది ఉందా బాబూజీ అని గేటు కొట్టేవాళ్లు. లేదు లేదంటూనే ములగచెట్టు కొట్టించాను. బావి పూడ్పించాను. పెరడు మీద నాలుగు గదులు, 10 అడుగులకి 10 అడుగులు. నాలుగింటికీ కలిపి ఒక్కటే పాయిఖానా. మా వీధిలో పెరడున్న ప్రతివాడూ ఇదే చేశాడు, నేనొక్కణ్ణీ కాదు. మా చెరువులు ఎవరు మింగారు, మా గాలి ఎవరు పాడుచేశారు అని నేను సర్కారునీ సేట్లనీ రోజూ తిడతాను. పెరడు ఎవరు మింగారని ఇంతవరకు ఎవరూ నన్ను అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక గది అద్దెకి తీసుకునేది ముగ్గురే అనుకునేవాణ్ణి. కాదు, ఆరుగురు. మిల్లులో పన్నెండు గంటల డ్యూటీ. పగటివాళ్లు వెళ్తుంటే రాత్రివాళ్లు వస్తారు. వాళ్లు లేచిన పరుపు వెచ్చగా ఉండగానే వీళ్లు వాలతారు. మంచం ఒకటే, వంతు మారుతుంది. బియ్యం డబ్బా ఒకటే, చెప్పుల వరస ఒకటే. ఆరుగురూ ఒకరినొకరు సరిగ్గా చూసుకునేది ఆదివారం మధ్యాహ్నమే. అందుకే ఆదివారం అందరూ బజారులో ఉంటారు, గదిలో పట్టక. నేను ఇరవై ఏళ్లు అద్దె వసూలు చేశాను గానీ ఈ లెక్క బుర్రకెక్కలేదు. నాలుగు గదుల్లో ఇరవై నలుగురు ఉండగలిగారంటే గది పెద్దదై కాదు. అందులో సగంమంది ఎప్పుడూ మిల్లులో ఉండబట్టి.

2020 మార్చిలో మిల్లు ఆగింది. మార్చి 22 జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. అన్ని వంతులూ ఒకేసారి ఇంటికొచ్చాయి. మొదటి రాత్రి వెనకనుంచి గొడవ. ఏమిటా అని టార్చి పట్టుకుని వెళ్లాను. గొడవేం లేదు, పడుకోవడానికి చోటు లేదు, అంతే. ముగ్గురు నడుం వాల్చితే ముగ్గురు గోడకి జారగిలబడి కూర్చున్నారు. బయట వాకిట్లో పడుకుంటే పోలీసు లాఠీ. ఫోను ఎత్తితే దగ్గు శబ్దం, తర్వాత ఒకరికొకరు దూరం పాటించండని మెత్తటి గొంతు. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే విడిగా ఒక గదిలో ఉంచండని టీవీలో డాక్టరుగారు. విడిగా గది! నాలుగు గదులకి ఒక పాయిఖానా అన్న సంగతి ఆయనకి ఎవరు చెబుతారు? కట్టిన నాకే అప్పటిదాకా తోచలేదు.

“ఇది రాసుకో” అన్నాను మనవడితో. “ఏ నగరమైనా తన జనమంతటినీ ఒకేసారి ఇంట్లో ఉంచగలదా లేదా? మా బీర్‌గావ్‌కి ఆ పరీక్ష పెట్టారు. తప్పింది.” వాడు రాసుకున్నాడు. రాసుకుని, “మరి నువ్వు అద్దె తీసుకున్నావా తాతా?” అన్నాడు.

ఏప్రిల్ అద్దె మాఫీ చేశాను. ఈ మాట పదిమందిలో చెప్పుకుంటాను కూడా. మా ఆవిడ ఉన్నచోట చెప్పను. ఎందుకంటే ఒక నెల అద్దె అడగొద్దని కేంద్రం మార్చి 29నే ఉత్తర్వు ఇచ్చింది. పైగా దీపావళి దాటాక నెలకి రెండు వందల చొప్పున నేను కలిపి వసూలు చేసిన సంగతి ఆమెకి తెలుసు.

ఆ రోజుల్లోనే ఇంకో విచిత్రం జరిగింది. గొట్టాల పొగ ఆగిన నాలుగో రోజుకి ఆకాశం నీలంగా వచ్చింది. డాబా ఊడిస్తే చేటలో మట్టే ఉంది, నలుపు లేదు. రాత్రి సప్తర్షులు కనిపించారు. మా అబ్బాయి పుట్టిన ఏడాది తర్వాత వాళ్లని చూడ్డం అదే. మా ఆవిడ చాప దులిపి, డాబా మీద మళ్లీ వడియాలు పెట్టింది. మీద తెల్లటి వడియాలు, కింద గదుల్లో ఇరవై నలుగురు, బియ్యం డబ్బాలు ఖాళీ. రేషన్ కార్డులన్నీ ఊళ్లో ఉండిపోయాయి. ఇక్కడి దుకాణం ముందు సున్నంతో గుండ్రాలు గీశారు, ఆ గుండ్రంలో నిలబడ్డానికి వీళ్ల దగ్గర కాగితం లేదు. ఏ రాష్ట్రం కార్డయినా ఏ రాష్ట్రంలోనైనా చెల్లే ఏర్పాటులోకి ఛత్తీస్‌గఢ్ చేరింది 2022 ఫిబ్రవరిలో. ఆకలేసిన రెండేళ్లకి. మా ఆవిడ పెద్ద గిన్నెలో పప్పూ బియ్యం కలిపి వండి వెనక్కి పంపేది. ఆ వడియాలు కూడా వాళ్ల గిన్నెల్లోకే పోయాయి. కొన్ని వారాలకి ఒక పొద్దున కలహండి కుర్రాడు మెట్లు రెండేసి ఎక్కుతూ పైకొచ్చాడు. “పొగ వచ్చింది బాబూజీ!” అని ఉర్లా వైపు చెయ్యి చూపించాడు. పండగ ముఖం. మా ఆవిడ ఏం మాట్లాడకుండా వడియాల చాప చుట్టేసింది.

అందరూ ఆ పొగకోసం ఆగలేదు. సగంమంది అప్పటికే నడక మొదలుపెట్టారు. టాటీబంధ్ చౌరస్తా ఆ మేలో ఎలా ఉందో చూసినవాడు మర్చిపోలేడు. మహారాష్ట్ర వైపు నుంచి లారీలు ఆగడం, పైనుంచి మనుషులు దిగడం, మరో లారీ ఎక్కి జార్ఖండ్‌కో ఒడిశాకో బెంగాల్‌కో పోవడం. గురుద్వారా వాళ్లు, ఊళ్లో కుర్రాళ్లు రాత్రింబవళ్లు అన్నం పెట్టారు, చెప్పులు పంచారు. చెప్పులు! మన తెలుగు నేలమీద నుంచి కూడా ఇటు నడిచారు. ములుగు జిల్లాకి మిరపకోతకని వెళ్లిన బీజాపూర్ పిల్ల, పన్నెండేళ్లది, మూడు రోజులు అడవిదారిన నడిచి, ఊరు ఇంకా కాసిన్ని కిలోమీటర్లు ఉందనగా ఏప్రిల్ 18న ప్రాణం విడిచింది. మే 1న గానీ మొదటి శ్రామిక్ రైలు కదల్లేదు, లింగంపల్లి నుంచి హటియాకి. ముప్పై ఎనిమిదేళ్లు రైల్వే ఉప్పు తిన్నవాణ్ణి, ఆ నలభై రోజులు డబ్ల్యూఆర్ఎస్ వైపు చెవి పెట్టుకు పడుకునేవాణ్ణి. గూడ్సు చప్పుడు వచ్చేది. సరుకుకి దారి ఉంది. మనిషికి లేదు. 1974 సమ్మెలో కూడా పాసింజరు బళ్లు ఇలా పూర్తిగా ఆగలేదని మా సీనియర్లు అనేవారు.

జూలై 22 నుంచి రాయ్‌పూర్‌కీ బీర్‌గావ్‌కీ కలిపి మళ్లీ లాక్‌డౌన్ వేశారు. మా పేరు టీవీలో రావడం అదే మొదలు అనుకుంటా. మా సందుకి వెదురు బొంగులు కట్టారు. సందు లోపల దూరం ఎలా పాటించాలో బొంగులకి తెలీదు.

మనవడు పుస్తకాల్లోంచి తీసి తన వంతు కబుర్లు చెప్పాడు. ప్రతి తెగులూ ఒక నగరాన్ని మార్చి పోయిందట. 1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. సగానికి సగం జనం ఊరొదిలి పారిపోతుంటే, మిల్లులవాళ్లు ఏ రోజు కూలి ఆ రోజే ఇస్తామని బతిమాలారట. (2020 వానాకాలంలో మా ఉర్లా కాంట్రాక్టర్లు ఊళ్లకి ఫోన్లు చేసి ఇలాగే బతిమాలారు, బస్సు పంపిస్తాం రండని.) 1898లో బొంబాయిలో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. ఓర్ అనే దొర గదిలోకి వెలుతురు రావాలంటే ఎదురుగోడ ఎంత దూరంలో ఉండాలో 63½ డిగ్రీల లెక్క కట్టాడు. “దిగువ అంతస్తు కిటికీ దగ్గర నుంచి ఆ కోణంలో చూస్తే ఆకాశం కనపడాలి తాతా.” ఆ కొలత నాకు నచ్చింది. కార్ఖానా మనిషికి అర డిగ్రీ విలువ తెలుసు. అయితే ఆ ట్రస్టు రోడ్లు వెడల్పు చేసి కూల్చినన్ని ఇళ్లు మళ్లీ కట్టలేదని కూడా వాడే చెప్పాడు. కూల్చినవాళ్లకి వెలుతురు దక్కింది, కూలినవాళ్లు పక్క సందులో మరింత ఇరుక్కున్నారు.

మన హైదరాబాద్‌కీ అదే కథ. 1908లో మూసీ వరద, 1911లో ప్లేగు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. నాంపల్లి మురికివాడ తీసి ఇళ్లు కట్టారు, పత్తర్‌గట్టీకి రాతి కమానులు తొడిగారు. కోరంటి దవాఖానా, ఇప్పటి నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, ఆ కాలం పుట్టుకే. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో పడి కోరంటి అయింది. ఈ మాట వింటే మా ఆవిడ కాగితానికి కూడా ఒక పేరు పెట్టేది.

నేను కళ్లారా చూసింది మాత్రం సూరత్ ప్లేగు తరవాయి. 1994 సెప్టెంబరు. సూరత్ మగ్గాల మీద పనిచేసే గంజాం కుర్రాళ్లు మూటాముల్లెతో పూరీ బండి నిండా వచ్చారు. రాయ్‌పూర్ స్టేషన్లో ప్రతి ముఖానికీ రుమాలు. టెట్రాసైక్లిన్ బిళ్లలు దుకాణాల్లో దొరకలేదు. వాళ్లని చూసి మేం ప్లాట్‌ఫారం మీద వెనక్కి జరిగాం. నేను కూడా జరిగాను. తర్వాతేడు ఎస్.ఆర్. రావు అనే అధికారి సూరత్‌కి కమిషనరుగా వెళ్లాడు. పేరు వినగానే మనవాడేనని మా షాపులో తెలుగువాళ్లం మురిసిపోయాం. ఆయన చేసింది పెద్ద మాయేం కాదు. ఏసీ గదుల్లో ఉన్న ఇంజనీర్లని రోజూ పొద్దున్నే వీధిలోకి తోలాడు. చెత్త ఎత్తించాడు, కాలువలు తీయించాడు, హోటళ్ల మురికి పట్టుకున్నాడు, పలుకుబడి ఉన్నవాడి అక్రమ కట్టడం కూడా కూలగొట్టించాడు. రెండేళ్లు తిరక్కుండా దేశంలో శుభ్రమైన నగరాల్లో సూరత్ పేరు వచ్చింది.

మరి మా కోవిడ్ ఏం మార్చింది? “చాలా ఉన్నాయి తాతా” అని మనవడు వేళ్లు మడిచాడు. 2020 జూలైలోనే కేంద్రం వలసకూలీలకి అద్దె ఇళ్ల పథకం తెచ్చింది. ఖాళీగా ఉన్న సర్కారు ఇళ్లు అద్దెకివ్వొచ్చు, మిల్లులవాళ్లు సొంత స్థలంలో కట్టొచ్చు. చదవడానికి బాగుంది. మా ఉర్లా కుర్రాళ్లలో అలాంటి ఇంటికి మారతానని గది ఖాళీ చేసినవాడు నాకు ఇంతవరకు ఎదురు కాలేదు. ఇళ్లవాణ్ణి కదా, ఖాళీ అయితే ముందు నాకే తెలుస్తుంది. వలసకూలీకి సరైన బస కాంట్రాక్టరే చూపాలని 1979లోనే చట్టం వచ్చింది, యూనియన్ రోజుల్లో మేం దాన్ని వల్లించేవాళ్లం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. 2020 నవంబరు 1 నుంచి రాష్ట్రంలోని 14 నగర నిగమ్‌ల బస్తీలకి మందుల బండి తిరగడం మొదలైంది. డాక్టరూ, రక్తపరీక్షా, మందులూ బండిలోనే. నా బీపీ మాత్రలు కూడా అక్కడే తెచ్చుకున్నాను. ఇది మా రోజుల్లో లేదు. ఉండుంటే ఆ రాత్రి భన్‌పురీ దగ్గర సైకిలు చైను తెగేది కాదు.

తర్వాత వాడు పారిస్ తీశాడు. ఇల్లు, పని, బడి, బజారు, ఆసుపత్రి అన్నీ పావుగంట దూరంలో ఉండాలని కార్లోస్ మొరెనో అనే ప్రొఫెసరు చెప్పాడట. 2020 ఎన్నికల్లో అప్పటి పారిస్ మేయరు ఆన్ ఇదాల్గో అదే మాట ఎత్తుకుని గెలిచిందట. ఇకమీదట నగరాలన్నీ ఇలాగే ఉండాలట. నేను నవ్వాపుకోలేకపోయాను. ఒరే నాయనా, బీర్‌గావ్ ఎప్పటినుంచో పావుగంట ఊరే! కుర్రాడు సైరను విని లేచి, ముఖం కడుక్కుని, కొలిమి ముందు నిలబడ్డానికి పావుగంట చాలు. బజారు పావుగంటే. బడి పావుగంటే. పొగగొట్టం కూడా పావుగంటే, గాలి ఇటు తిరిగితే అంత కూడా పట్టదు. దగ్గరితనం గొప్పదే. ఏది దగ్గరో కూడా చూసుకోవాలి.

ఇంటినుంచి పని అన్నది ఇంకో ముచ్చట. మా అబ్బాయి ఏడాదిన్నర మా ముందుగదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పనిచేశాడు. ల్యాప్‌టాప్ మీద మసి పడుతోందని తుండుగుడ్డ కప్పేవాడు. ఇక నగరాలు ఖాళీ అయిపోతాయి నాన్నా, అందరూ సొంతూళ్లకి వచ్చేస్తారు అన్నాడు. నేను నమ్మి వాడికోసం కొత్త ఫ్యాను బిగించాను. ఆఫీసు పిలిచింది, వెళ్లిపోయాడు. ఫ్యాను ఉంది. రోలింగ్ మిల్లు కుర్రాడు ఎర్రగా కాలిన కడ్డీని పట్కారుతో ఇంటికి తెచ్చుకుని పనిచేసే యాప్ మాత్రం ఎవరూ కనిపెట్టలేదు.

కొత్త నగరం చూద్దువుగాని రా అని మనవడే ఓసారి నవా రాయ్‌పూర్ తీసుకెళ్లాడు. 2012లోనే సచివాలయం అక్కడికి మారింది, 2018లో అటల్ నగర్ అని పేరూ పెట్టారు. రోడ్లు చూస్తే విమానం దింపొచ్చు. చెట్లు, సైకిలు దారి, గాలి నిజంగానే గాలిలా ఉంది. టీ తాగుదామంటే కొట్టు కనపడక ముప్పావుగంట తిరిగాం. దూరం పాటించడానికి ఇంతకంటే మంచి నగరం లేదు. అక్కడ గాలి ఉంది, మనుషులు లేరు. ఇక్కడ మనుషులున్నారు. రెండింటికీ మధ్య పాతిక ముప్పై కిలోమీటర్లు.

2021 గురించి ఎక్కువ చెప్పను. ఏప్రిల్ 9 సాయంత్రం రాయ్‌పూర్ జిల్లా మొత్తం మూశారు. బుఢాపారా ఇండోర్ స్టేడియంలో ఆటలు ఆడేచోట మంచాలు వేశారు. మా షాపులో ముప్పై ఎనిమిదేళ్లు గ్యాస్ కటింగ్ సిలిండర్ల పక్కన తిరిగినవాణ్ణి. కార్ఖానా సిలిండరు ఒళ్లంతా నలుపు, ఆసుపత్రిదానికి మెడ దగ్గర తెలుపు. అంత తేడా నాకు ఎప్పుడూ పట్టలేదు. ఆ నెల మా వీధి వెల్డింగ్ కొట్టు ముందు కారులో వచ్చిన ఓ పెద్దమనిషి, నల్ల సిలిండరైనా ఫర్వాలేదు ఇవ్వు నాయనా అని చేతులు జోడించాడు. భిలాయి ఉక్కు కర్మాగారం నుంచి ద్రవ ఆక్సిజన్ ట్యాంకర్లు రాత్రిళ్లు పోయేవి. ఇన్నేళ్లు మా ఊపిరిని ఇనుము చేసిన కొలుములే ఆ నెల ఊపిరి పంచాయి. వెనక గదుల్లో ఒకడు పోయాడు. బలోదా బజార్ వైపు కుర్రాడు. వాడి చెప్పులు వరసలో చాన్నాళ్లు ఉన్నాయి.

ఆ డిసెంబరు 20న నిగమ్ ఎన్నికలు జరిగాయి. మైకులు, జెండాలు, ఇంటింటికీ దండాలు. ఒక్కడంటే ఒక్కడు కూడా పాయిఖానా మాట ఎత్తలేదు. వెనక గదులవాళ్ల ఓట్లు కూడా కార్డుల్లాగే ఊళ్లోనే ఉన్నాయి మరి.

ఇప్పుడు గదులకి మునుపటికంటే గిరాకీ. వెళ్లినవాళ్లు తమ్ముళ్లని కూడా తెచ్చారు. అందుకే మేడ లేపుతున్నాను, నా పెన్షను నాకు చాలదని కాదు, ఇంకెవరి డాబా మీదో ఎలాగూ లేస్తుందని. మనవడు ఈ మాట విని ఊరుకోలేదు. తన కాలేజీ బొమ్మ పక్కనపెట్టి మా మేడ బొమ్మ గీశాడు. ప్రతి గదికీ రెండు కిటికీలు, గాలి ఇటునుంచి దూరి అటు పోయేట్టు నీలం బాణాలు. రెండు గదులకి ఒక పాయిఖానా. 63½ డిగ్రీల గీత ఎర్రసిరాతో. ఒక గది తగ్గింది, అద్దె తగ్గింది. గొణుక్కున్నాను గానీ ఒప్పుకున్నాను.

నైట్ డ్యూటీ దిగి వస్తున్న కలహండి కుర్రాడికి వాడు ఆ బొమ్మ గొప్పగా చూపించాడు. కుర్రాడు కాగితం అటూ ఇటూ తిప్పి మర్యాదగా చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “బాగుంది భయ్యా. కానీ ఇంత వెలుతురొస్తే పగలు పడుకునేవాళ్లకి నిద్ర ఎలా పడుతుంది?” అని అడిగాడు. పొగ వస్తుందనో, దొంగలొస్తారనో అంటాడని మావాడు జవాబు సిద్ధం చేసుకున్నాడు కాబోలు. ఈ ప్రశ్నకి వాడి దగ్గర బాణం లేదు. నా దగ్గర అంతకంటే లేదు. కింద గదుల్లో ఉన్న చిన్న కిటికీలకి కూడా వాళ్లు అట్టలు బిగించుకున్నది మసికోసమే అనుకున్నాను నేను ఇన్నేళ్లూ.

మనవడు పెన్సిలు చెవిలో దోపుకుని మేస్త్రీ దగ్గరికి పైకెళ్లాడు. కాసేపు ఇద్దరూ గోడ మీద వంగి ఏదో కొలిచారు. కిటికీ వదలాలి, దానికి లోపలివైపు చెక్క రెక్కలు పెట్టాలి, మూస్తే చీకటి, తీస్తే గాలి, మంచం ఎటు జరిగినా రెక్కకి అడ్డం రాకూడదు. ఎంతవుతుందని కిందనుంచి అడిగాను. రెక్కకి పదిహేను వందలు, బిగింపు వేరే అన్నాడు మేస్త్రీ.

“పదిహేను వందలా! ఒరే, మా రోజుల్లో పదిహేను వందలకి...”

“ఆ ములగచెట్టు కొట్టించిన దుంగలు అటక మీదే ఉన్నాయండీ” అంది మా ఆవిడ లోపలినుంచి.